దారం కట్టిన మొక్కలు

కొండవాలు పొలం గట్టు మీద, విత్తనాల కేంద్రంలో పనిచేసే కోడలూ, ఆ పొలం దున్నుకునే మామగారూ.

"నవ్వకండి మామయ్యగారూ. ఆ పై బంజరులో నేను ఎర్రదారాలు కట్టిన మొక్కలేవీ?"

"అందుకేనమ్మా నవ్వేది. నువ్వు నోరు తెరిచి అడక్కముందే పనైపోయింది."

"ఏం పని?"

"పీకేశాను. పొద్దున్నే. పదకొండూ, వేళ్లతో సహా. నడుం పట్టేసిందనుకో. అయినా దారం ఉన్నది ఒక్కటి వదల్లేదు."

"పదకొండూనా? ఎవరు పీకమన్నారు మిమ్మల్ని?"

"నువ్వే కదా!"

"నేనా?"

"దారం కట్టావు కదమ్మా. మీ అత్తయ్య ఉన్నన్నాళ్లూ అంతే. విత్తనానికి వదిలిన మడిలో కేళీలు, అదే బెరుకు మొక్కలు, కనబడితే ఆవిడ దారం కట్టుకుంటూ ముందు పోయేది, నేను పీక్కుంటూ వెనక. పీకమని ఒక్కనాడు చెప్పలేదు. నువ్వూ అలాగే చెప్పడానికి మొహమాటపడ్డావనుకున్నా."

"అవి కేళీలు కావు మామయ్యగారూ."

"పిచ్చి గోధుమ కాదూ? బుద్ధి తెలిసినప్పట్నుంచీ పీకుతున్నా దాన్ని."

"పిచ్చిది కాదు, అడవిది. మన గోధుమకి మేనత్త వరస అనుకోండి. పోయినేడు కుంకుమ తెగులొచ్చిందా?"

"గుర్తుచెయ్యకు. గుప్పెడు గింజలు రాలేదు."

"దానికి మాత్రం ఒక్క మచ్చ పడలేదు. ఆ గుణం మన గోధుమలోకి తేవాలని మూడేళ్లు కొండలన్నీ తిరిగాను. దొరికినవి ఆ పదకొండే."

"మరి మీ కేంద్రంలో, చలిగదిలో, అడవి గోధుమ గింజలు పొట్లాలు కట్టి దాచామన్నావు?"

"పీకినవి ఎక్కడ వేశారు?"

"ఆవుకి. పొట్లాల సంగతి చెప్పు."

"కంకులు ముదిరాయా?"

"ఎక్కడ? నలిపితే పాలొచ్చాయి. పొట్లాలమ్మా, పొట్లాలు!"

"ఉన్నాయి. మొన్న మొలకకి పెట్టాం. ఒక్కటీ మొలవలేదు."

"ఇంట్లో చెప్పలేదే?"

"ఏమని చెప్పను? ఆరబెట్టింది నేను. తడి పోకముందే పొట్లం కట్టేసిందీ నేనే. ఇంకో పదిహేను రోజులాగితే ఈ కంకులు కోసుకునేదాన్ని, ఎవరికీ తెలియకుండా సరిపోయేది."

"ఏడవకు తల్లీ. నన్ను నాలుగు తిట్టు, పోతుంది."

"మిమ్మల్నేమనను? దారం ఎందుకో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే పొట్లాల సంగతి అడుగుతారని భయం."

"అడిగేవాణ్ణే. తిట్టేవాణ్ణి మాత్రం కాదు."

"ఇప్పుడేం లాభం?"

"అమ్మాయ్, ఒకటి చెబుతా, కోప్పడవు కదా?"

"చెప్పండి."

"అటు బండ వెనకాల పొద ఉంది చూడు. అందులో అచ్చం అలాంటిదే ఇంకోటుంది. మోకాలెత్తు."

"బండ వెనకా? నేను చూడలేదే! అదీ పీకేశారా?"

"మొదలు పట్టుకున్నాను కూడా. మళ్లీ వదిలేశా. ఇదేదో మంచిదై ఉంటుంది, దీనికి మా కోడలు దారం కట్టలేదు కదా అని."