అక్క ఎంచిన చీర

హలో… ఆ, నేనే. ఇంకెవరెత్తుతరే ఈ ఇంట్ల… ఆమనీ, ఒక్క నిమిషం ఆగు, పెట్టెయ్యకు—

ఏందండీ, గా చాకు ఎందుకు ముట్టిన్రు? ఉల్లిగడ్డలు కోసే చాకుతోని అట్టడబ్బా కోస్తరా ఎవరన్న?… కత్తెర అల్మారలనే ఉన్నది. ఎన్నడన్న ఆనిందా మీ కంటికి?… ఏందీ? చాకుకు పదునెక్కడిది, పదునంతా నా నోట్లెనే ఉన్నదా?… మంచిదండీ. పోండ్రి, మీ అన్నను పిలుచుకొని రాండ్రి. అన్నం అయింది.

ఆ, చెప్పు చెల్లె… మీ బావనే, ఇంకెవరు. డబ్బా నేను కోసిన్నే పొద్దున, కత్తెరతోని. ఖాళీ డబ్బాను మళ్ల కోసుడు ఎందుకో ఆయనకే తెల్వాలె.

ఆ… వచ్చింది పార్సిల్… కాదే, పైఠనీ పట్టుచీర రాలే… చీరనే వచ్చింది. నేను చెప్పిన చీర కాదు…

బూడిద రంగు… అంచు లేదు, కొంగు లేదు. పట్టుకుంటే కరకరమంటది. ఇల్లు తుడుద్దామంటే నీళ్లు గూడ పీల్చది.

నవ్వకు! రేపే వసుంధర ఒడిబియ్యం… ఆ, దిగింది. ఇచ్చోడ నుంచి మంచిర్యాలల బస్సు మారి ఇప్పుడే దిగింది. కాళ్లు కడుక్కుంటుంది. పుట్టింటోళ్లం ఆడబిడ్డ ఒళ్లె బియ్యం పోసేది ఐదేండ్లకు ఒక్కసారి, గా ఒక్కసారికి నేను గీ మసిగుడ్డ పెట్టాల్నా?

పోయినసారి ఏమైందో నీకు ఎరుకే గద… అదే, రంగు పోయిన చీర. దుకాణపోడు అంటగట్టిండు, మొదటి ఉతుకుకే బకెట్ మొత్తం ఎర్రగైంది. నేనేం జేయాలె? గని మా అక్క ఉన్నది గద… ఆ, మా పెద్ద యారాలు, బావగారి పెండ్లాం, అనసూర్యక్క… "దేవకి తను కట్టి విడిచిన చీర మడత పెట్టి ఆడబిడ్డకు పెట్టింది" అని మంథనిల చెప్పని గడప లేదు. పెండ్లిళ్లల్ల నా కొంగు పట్టుకొని "ఇది గూడ రంగు పోతదా దేవకీ" అని అడిగినోళ్లు ఉన్నరు. ఐదేండ్లు, ఆమనీ. అందుకే నువ్వు పైఠనీ అన్నప్పుడు సై అన్న. చిలకపచ్చ, కొంగు నిండ నెమళ్లు. ఈసారి చూడంగనే నోర్లు మూతపడాలె అనుకున్న…

వాపసా? ఆగు, అసలు ముచ్చట విను. కంపెనోళ్ల తప్పు లేదు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన. అర్ధగంట పాటలు వినిపిచ్చిన్రు. తర్వాత ఒక పిల్ల వచ్చి, "మేడం, మంగళవారం మధ్యాహ్నం మీరే పైఠనీ క్యాన్సిల్ చేసిన్రు, ఈ చీర గూడ మీరే బుక్ చేసిన్రు" అన్నది… మంగళవారం నేనెక్కడున్న?… గదే! పెద్దపల్లిల, పంటి డాక్టర్ కుర్చీల. నోట్లె దూది పెట్టుకొని నీతోనే గద మాట్లాడిన. ఊ, ఊ అంటుంటే నువ్వు తిడితివి…

మీ బావనా? ఆయనకు ఫోన్‌ల గడియారం తప్ప ఇంకోటి చూడరాదు.

సరే అని ఫోన్ పట్టుకొని కూసున్న. వాపస్ బటన్ దేవులాడుతుంటే ఆర్డర్ల పట్టీ మొత్తం తెరుచుకుంది. చూస్తే అన్నీ నావి కావు… మోకాళ్ల నొప్పులకు రాసుకునే నూనె. జుట్టుకేసుకునే నల్లరంగు, రెండు డబ్బాలు… ఎవరివి అంటవేంది? "నాకు ఒక్క వెంట్రుక తెల్లగ లేదు" అని ఊరంత చెప్పుకునేది ఎవరు?… ఆ. దొరికింది నీకు.

ఎట్లంటే… ఖాతా ఉజ్వల్‌ది. అక్క కొడుకు. అందరం ఒక్క పొయ్యి మీద తినేటప్పుడు ఇద్దరి ఫోన్లల్ల వాడే పెట్టిచ్చిండు. "ఇంటికొక్కటి సాలు చిన్నమ్మా" అన్నడు. తర్వాత వేరు పడ్డం గద. పొలం పంచుకున్నం. బోరు వంతులు పంచుకున్నం. నడిమిట్ల గోడ లేపినం. రోలు వాళ్లకు, తిరగలి మాకు. పెద్దమనుషులు గంటెలు గూడ చెరి సగం చేసి పోయిన్రు… గీ ఖాతా ఒక్కటి ఎవ్వలకు యాదికి రాలే.

అవునే! నేనేం కొన్నా ఆమెకు కనపడుతుంది, రెండేండ్ల సంది. నేను రాగి బిందె తెప్పిస్తే వారం తిరగకముందే ఆమె గద్దె మీద రాగి బిందె. నేను మందార రంగు పరదాలు కడితే ఆమె కిటికీలకూ అవే. మాట్లాడుకోకున్నా ఇద్దరి మనసు ఒక్కతీరుగ ఎట్ల నడుస్తుందో అని పిచ్చిదాని లెక్క మురిసిపోతుంటి…

ఇంకా ఉన్నది. రెండు గంటల పది నిమిషాలకు నా పైఠనీ క్యాన్సిల్ అయింది. పన్నెండు నిమిషాలకు అదే పైఠనీ ఆమె పేరు మీద బుక్ అయింది… ఒక్కటే ఉండెనే! నేను చూసినప్పుడే "ఇగ ఒక్కటే మిగిలింది" అని రాసి ఉండె. నాది వదిలితేనే ఆమెకు దొరుకుతది. పదిహేను నిమిషాలకు నా పేరు మీద గీ బూడిద చీర… ఎందుకంటే, అసలు పార్సిలే రాకుంటే నేను ఆరా తీస్త గద. వేరే చీర వస్తే కంపెనీని తిట్టుకొని ఊకుంట అనుకున్నది… అంటే చూడు, నాకు ఏ చీర తగుతదో మూడు నిమిషాలకంటె ఎక్కువ ఆలోచించలే.

ఆమెది నిన్ననే అందింది. పట్టీలనే రాసి ఉన్నది.

రేపు ఆమె నా పైఠనీ పెడ్తది. నేను గీ గుడ్డ పెడ్త. మళ్ల ఐదేండ్లు నా ముచ్చటే…

వద్దు వద్దు, ఆదిలాబాద్ నుంచి బస్సుల పంపితే ఎప్పుడు చేరాలె? పొద్దున ఏడింటికే ముహూర్తం… గోడ కాడ నిలబడి అరవాల్నా? వాడకట్టు మొత్తం వస్తది, ఆమె కొంగు నోట్లె కుక్కుకొని ఏడుస్తది, రాక్షసిని నేనైత… మీ బావకు చెప్పి ఫాయిదా లేదు. "వదినె గద, జర సర్దుకో" అంటడు. పెండ్లైన నాటి సంది గదొక్క మాటనే వచ్చు ఆయనకు.

ఆ… చూసిన. ఆమె నల్లరంగు డబ్బాలు ఇంకా దారిలనే ఉన్నయి. ఒక్కసారి నొక్కితే క్యాన్సిల్ అయితయి. నాకు తోచలేదనుకున్నవా?… ఏలు పెట్టిన. మళ్ల తీసిన. ఆమె చేసిన పని నేను చేస్తే ఇగ ఆమెను అనే హక్కు నాకు ఎక్కడిది?

ఫికర్ చెయ్యకు. చేసేది చేస్త… ఇప్పుడే. అందరు మా ఇంట్లనే తింటున్నరు… ఆ, అక్క గూడ. "ఇద్దరు వదినెలు ఒక్క బంతిల కూసోకుంటే నా ఒడి నింపొద్దు" అని వసుంధర బస్సు దిగంగనే చెప్పింది. కూసుంటది, నాతోని మాట్లాడది. నేను వడ్డిస్తే "చాలు" అని గోడకు చెప్తది.

అగో, చెప్పుల చప్పుడు. ఫోన్ పెట్టకు. తొక్కు జాడి పక్కకు ఆనిచ్చి పెడ్త. విను. నవ్వినవంటే నీ పని చెప్త—

రాండ్రి బావగారు, కూసోండ్రి… వసుంధరా, నువ్వు నడుమ కూసో బిడ్డ. ఇంకింత పెట్టుకో, బస్సుల ఏం తిన్నవో ఏమో… ఏందండీ, బావగారికి మామిడికాయ పప్పు వెయ్యుండ్రి… వసుంధరా, మీ పెద్దొదినెకు పప్పు కావాల్నేమో అడుగు… వద్దట్నా? మంచిది.

అందరు ఉన్నరు, ఒక మాట చెప్త. రేపటి సంగతి.

వసుంధరా, ఈసారి నీకు ఇద్దరం చెరొక చీర పెడ్తలేం. ఇద్దరి దిక్కు నుంచి కలిపి ఒక్కటే, పైఠనీ… అవును, పైఠనీనే! చిలకపచ్చ. కొంగు నిండ నెమళ్లు. నేను ఎంచిన, మీ పెద్దొదినె తెప్పిచ్చింది… గోడవతల వాళ్ల అల్మారల ఉన్నది. నిన్ననే వచ్చింది… బావగారు, మీరు చూడలేదా? చెప్పలేదా అక్క?

అక్కా…

ఆ, నిన్నే. రెండేండ్లయింది నిన్ను గిట్ల పిలువక… పొలమారిందా? నీళ్లు తాగు. నిమ్మళంగ తాగు.

ఇగో, ఇది నీకు… చీరనే. బూడిద రంగు. గుర్తు పట్టినవా? మంగళవారం రెండు గంటల పదిహేను నిమిషాలకు బుక్ అయింది, నా పేరు మీద. తారీఖు, టైము అన్నీ మన ఉజ్వల్ ఖాతాల ఉన్నయి. బావగారికి చూపియ్యాల్నా?… వద్దా? సరే, వద్దులే. నేనెవ్వరికి చూపియ్య.

రేపు గిదే కట్టుకొని మన ఆడబిడ్డ ఒడి నింపు అక్కా. వాడకట్టు ఆడోళ్లందరినీ పిలిచిన… ఏమండీ, మీరు నడుమ సర్దకుండ్రి, అన్నం తినుండ్రి… ఎవలన్న అడిగితే నేనే చెప్త, మా అక్క స్వయంగ ఎంచింది, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోదు అని. పోయేటందుకు దాంట్ల రంగు ఉంటే గద.

ఖాతానా?… లేదు బావగారు, అది పంచుడు వద్దు. ఉండనియ్యుండ్రి. ఇన్నొద్దులు అక్క చూసింది, ఇప్పటి సంది నేను గూడ చూస్త.

వసుంధరా, తొక్కు వేసుకో. జాడి నేనే అందిస్త—

ఆమనీ, విన్నవా?… నవ్వు ఆపు. నోరు మూసుకోమంటే… పెట్టేస్తున్నా. రేపు ఫోన్ చేస్త. అక్క నన్ను పప్పు అడుగుతుంది. వసుంధరను కాదు, గోడను కాదు… నన్నే—

ఏందక్కా? వినపడలే. ఇంకొకసారి అడుగు.