నాలుగో గేటు దగ్గర లారీ

హలో… ఆఁ, నేనేనండీ. ఎగ్జిబిషన్ రెండో హాలు ఇన్‌ఛార్జి సరోజినిని. బోలియే…

జీ… హాఁజీ… తెలుగులోనే మాట్లాడండి సార్, పర్వాలేదు. మీ హిందీ వింటేనే తెలిసిపోయింది మీరు తెలుగువారని…

మాదా? విజీనారం వైపు. మా నాన్న ఇక్కడ రైల్వే వేగన్ షాపులో చేసేవోడు. నేను పుట్టిందీ పెరిగిందీ అంతా రాయపూరే…

అవునవును. మనవాళ్లమే. అలాగే అనుకోండి. చెప్పండి.

ఏ గేటు దగ్గరున్నారు?… నాలుగో గేటు. లారీ ఎక్కడి నుంచి?… ఉర్లా ఫ్యాక్టరీల వైపు నుంచి. బరువెంత?… మూడు టన్నులు. అయితే దించడానికి హైడ్రా క్రేను కావాలి. స్టాలు నంబరు చెప్పండి…

బి పద్నాలుగు. ఉంది సార్, నా కాగితంలో ఉంది. వెంకటరత్నం గారు, రేకులు నొక్కే ప్రెస్సు మిషను. ఈ పేరు చూసి పది రోజులైంది నేను…

ఏం లేదు. ఊరికే అన్నాను.

మీ మిషను పొద్దున్న పదింటికి దిగాలి. కాగితం మీకు పంపాం, అందినట్టు సంతకం కూడా పెట్టారు. ఇప్పుడు ఐదు కావస్తోంది…

ఏంటీ?… వర్జ్యమా?

ఆఁ… ఆఁ… ఒంటిగంటన్నర దాకా వర్జ్యం ఉందని లారీని ఫ్యాక్టరీ దాటనివ్వలేదు. తర్వాత కొబ్బరికాయ. గుమ్మడికాయ కూడానా… సరే. ఆలస్యమైపోతుందని డ్రైవరు చెప్తూనే ఉన్నాడంటారు. చెప్తాడు మరి. ఇక్కడివాడు, అతనికి మన పంచాంగం ఏం తెలుసు?

లేదు సార్, నవ్వడం లేదు.

వినండి. ఎగ్జిబిషన్‌కి ఒక పద్ధతి ఉంటుంది. బరువైనవన్నీ ముందు దిగిపోవాలి. దిగాక హాలంతా కార్పెట్టు పరుస్తారు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. ఒకసారి పరిచాక చక్రమన్నది లోపలికి రాకూడదు. క్రేను రాదు, ట్రాలీ రాదు. చేత్తో మోసుకొచ్చేవే రావాలి. మీ మూడు టన్నులు చేత్తో మోయిస్తారా?…

తెలుసు. రేపు పుణె నుంచి కొనేవాళ్లు వస్తున్నారు. మీ మిషను చూడ్డానికే వస్తున్నారు. నాలుగేళ్ల కష్టం. మీ అబ్బాయి డిజైను… అన్నీ విన్నాను సార్. ఇప్పుడే చెప్పారు కదా.

ఖాళీ స్టాల్లో కూర్చుంటే పరువు పోతుంది. అవును. పోతుంది.

కార్పెట్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి. గేటు దగ్గర గార్డు ఏమన్నాడు?…

మేడమ్‌కి ఫోన్ చెయ్యమన్నాడు. ఈ నంబరు ఇచ్చాడు. అంతే కదా? మరి అతని పని అదే…

మర్యాద లేదా? ఎలాగ?… జేబులోంచి చెయ్యి తియ్యకుండా మాట్లాడుతున్నాడు. మీరు కార్లోంచి దిగితే సలాం కొట్టలేదు. ఊఁ…

ఏమన్నారు?… ఏమన్నారు సార్, మళ్లీ చెప్పండి, ఇక్కడ వడ్రంగుల సుత్తుల చప్పుడు…

తాగున్నాడన్నారా.

మీరు వాసన చూసారా?… మరి? కళ్లు ఎర్రగా ఉన్నాయి, అందుకని. పొద్దున్న ఆరింటి నుంచి ఆ ఎండలో, ఆ దుమ్ములో నిలబడ్డాడు సార్. చుట్టూ చెట్టు లేదు, ఇల్లు లేదు, నయా రాయపూర్ మీకూ తెలుసు. కళ్లు ఎర్రగా కాక ఎలాగుంటాయి?

కోపం కాదు. నాకేం కోపం లేదు.

మీ బ్రోచరు ఇక్కడ నా చేతిలోనే ఉంది. చదవమంటారా? ‘కార్మికుడి చెయ్యి మా బాధ్యత.’ బాగా రాయించారు. కింద బొమ్మ కూడా ఉంది. రెండు చేతులూ రెండు బటన్ల మీద పెడితేనే ప్రెస్సు కిందికి దిగుతుంది, ఒక చెయ్యి తీస్తే ఆగిపోతుంది. అవునా?… మంచిదే. పాత ప్రెస్సుకీ రెండు బటన్లుండేవి కదా సార్, మీ ఫ్యాక్టరీలో? ఒక బటన్ నొక్కేసి దాని మీద టేపు చుట్టీసేవారు. ఒక చేత్తో రేకు పెట్టాలి, ఒక చేత్తో నొక్కాలి. పని తొందరగా తెమలాలి…

నాకెలా తెలుసా? చెప్తాను. ముందు ఫోను స్పీకర్లో పెట్టండి…

పెట్టండి సార్, మీ పని అవ్వాలా వద్దా?… పెట్టారా. ఇప్పుడు ఆ గార్డుకి ఇవ్వండి. ఎడమచేతికి ఇవ్వండి. కుడిచేతికిస్తే పట్టుకోలేడు.

ఎందుకా? చూద్దురు గాని. మావా, చెయ్యి బయటికి తియ్యి. తియ్యి మావా, నేను చెప్తున్నాను కదా. చూపించు.

చూసారా సార్?… బొటనవేలొక్కటే మిగిలింది. ఇప్పుడు మొహం చూడండి. గడ్డం పెరిగింది, నెరిసింది, పదమూడేళ్లు అయింది కదా. కానీ మొహం అదే. ఆరేళ్లు మీ దగ్గర చేసాడు. మీ ఇంట్లో పెళ్లికి పందిరి రాటలు కూడా పాతాడు.

పేరు చెప్పండి… నేను చెప్పను. మీరే గుర్తు తెచ్చుకోండి, తొందరేం లేదు, లారీ మీది…

ఆఁ. జోగయ్య.

నేను జోగయ్య భార్యని.

ఎందుకు సార్ ‘అమ్మా’ అంటున్నారు ఇప్పుడు? ఇందాకటి దాకా మేడమ్ అన్నారు కదా, అదే బాగుంది.

మీకన్నా ముందే, మీరొచ్చారని నాకు ఫోన్ చేసింది ఆయనే. ‘వెంకటరత్నం గారొచ్చారు, నన్ను గుర్తుపట్టలేదు’ అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు. మిమ్మల్ని తిట్టలేదు కూడా. ఆయనంతే. నేను అలాంటిదాన్ని కాదు.

ఏం సాయం చేసారు?… మందులకిచ్చారు. ఇచ్చారు, కాదనను. ఇచ్చి, పోలీసులొచ్చి అడిగితే ఏం చెప్పారు? తాగొచ్చి చెయ్యి పెట్టుకున్నాడని చెప్పారు. ఇద్దరు మనుషుల చేత సాక్ష్యం చెప్పించారు. అక్కడితో ఆగారా? మన తెలుగు సంఘంలో చెప్పారు. రామనవమి పందిట్లో చెప్పారు. ‘పాపం మంచి పనోడే, తాగుడే పాడు చేసింది’ అని జాలిపడి మరీ చెప్పారు. తిడితే ఎవరూ నమ్మేవారు కాదు సార్. మీరు జాలిపడ్డారు కాబట్టి అందరూ నమ్మీసారు.

ఆయన జన్మలో చుక్క ముట్టలేదు. మా మావగారు తాగి తాగి పోయాడని చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాడు. అలాంటి మనిషి సార్. ఆ తర్వాత ఏ ఉర్లా కంపెనీలోనూ గేటు లోపలికి రానివ్వలేదు. ఒక చెయ్యి లేదని కాదు, తాగుబోతని. మా అత్త వరహాలమ్మ పోయేముందు ఆయన్ని దగ్గరికి పిలిచి ‘ఇంక తాగకురా నాయనా’ అని చేతిలో చెయ్యి వేయించుకుంది. వేసాడు. ‘తాగనమ్మా’ అన్నాడు. తాగలేదమ్మా అని అనలేదు. ముసల్ది నమ్మదని తెలుసు.

నేను ఇక్కడ చీపురు పట్టుకుని చేరాను. హాలు కట్టిన ఏడాది. బాత్రూములు కడిగాను. ఎనిమిదేళ్లకి ఈ కుర్చీ ఇచ్చారు. అప్పుడు మేనేజరు కాళ్లావేళ్లా పడి ఆయనకి గార్డు ఉద్యోగం వేయించాను… ఇవన్నీ మీకెందుకు కాదు. మీకే. మీరు ఆ గేటు దగ్గర నిలబడి వినాల్సినవే.

కంప్లైంట్ ఇస్తారా? ఇవ్వండి. మేనేజరు ఒకటో హాల్లో ఉంటాడు. నడిస్తే పావుగంట.

లేదా?… వద్దా. అయితే నేను చెప్పింది చెయ్యండి.

ఏం అడుగుతాను మిమ్మల్ని? ఆ రోజు జరిగింది చెప్పండి. అక్కడే, గట్టిగా. నాకు కాదు, నాకు తెలుసు. అక్కడ ఎంతమంది ఉన్నారు?… మీ డ్రైవరు, హైడ్రావాడు, గార్డులు ఇంకో ముగ్గురు, టీ బండివాడు. చాలు. తెలుగులో కాదు, హిందీలో చెప్పండి. అందరికీ అర్థమవ్వాలి.

ఊఁ… వింటున్నాను…

‘గల్తీ హో గయీ’ కాదు. తప్పు దానంతటదే అవ్వదు. ఎవరు చేసారు?… ఎవరు చుట్టించారు టేపు?… ఆ మాట చెప్పండి. మైఁనే. ఆఁ. మైఁనే లగ్‌వాయా థా. ఇంకా?… ఆ రెండో బటన్ కూడా పాడైందని ముందు రోజే వచ్చి చెప్పాడు కదా. ఏమన్నారప్పుడు?… అదీ చెప్పండి…

తాగున్నాడా ఆ రోజు?… లేదనకండి ఊరికే. మొత్తం చెప్పండి, తాగి రాలేదని, అబద్ధమాడింది మీరేనని. పీకర్ నహీఁ ఆయా థా. మైఁనే ఝూఠ్ బోలా థా…

వినపడలేదు. లారీ ఇంజను ఆపమనండి. ఇంకోసారి చెప్పండి…

…

ఆఁ. ఇప్పుడు వినిపించింది.

బస్. చాలు. ఫోను ఆయనకివ్వండి. మీరు కొంచెం దూరం వెళ్లండి… గేటు సంగతి ఆయనకే చెప్తాను, దూరం వెళ్లండి.

మావా. స్పీకరు తీసీ. చెవి దగ్గర పెట్టుకో… విన్నావా? అందరూ విన్నారా?… డ్రైవరు ఏమన్నాడు?… టీ బండివాడు కూడా లేచి నిలబడ్డాడా. నిలబడనీ.

ఏటి, గేటు తీసీమంటావా? ఎందుకు?… చెప్పీసాడు కాబట్టి? కాదు. తియ్యకు… నేను మాటివ్వలేదు. ఏం మాటిచ్చాను? ఎక్కడైనా లోపలికి రానిస్తానన్నానా? నువ్వూ విన్నావు కదా.

తీసినా లాభం లేదు. కార్పెట్టు నాలుగింటికే పరిచీసారు… అవును, మొత్తం. అతను ఫోన్ చేసినప్పుడు నేను దాని మీదే నిలబడున్నాను. చెప్పులు విప్పి మరీ… తెలుసు. తెలిసే చెప్పలేదు. పరిచారా అని అతను అడగలేదు. రాజాలాగ వస్తే అన్నీ ఆగుతాయనుకున్నాడు.

పాపమేటి? నీ నోట్లోంచి ఆ మాట ఎలాగొస్తోంది మావా? నా మొగుణ్ణి మళ్లీ తాగుబోతన్నాడు, అదీ నాతోనే. అతనికి నేను పాపమనాలా?… రేపు ఆ బి పద్నాలుగులో వట్టి బల్ల వేసుక్కూర్చుని బ్రోచర్లు పంచుకోమను. నేను నాలుగుసార్లు అటు నడుస్తాను. నడిచి చూస్తాను. నా కడుపు చల్లబడింది. పదమూడేళ్లకి చల్లబడింది.

నీకు సంతోషంగా లేదా?

…ఏటి?

మళ్లీ చెప్పు… ఇప్పుడైనా నమ్మావా అంటున్నావా? నన్నా?

నేనెప్పుడు నమ్మలేదు? ఊరందరితో దెబ్బలాడింది ఎవరు? సంఘంలో మైకు లాక్కుంది ఎవరు?… ఏ రోజు?…

ఆస్పత్రిలోనా.

నువ్వు మత్తులో ఉన్నావు కదా. డాక్టరు చెప్పాడు, నీకు తెలివి లేదని… ఉందా?…

అవును. వంగాను… అవును మావా. ముద్దు పెట్టుకోడానికి కాదు. నోటి దగ్గర వాసన చూసాను. చేతికి కట్టు చూడకముందే అది చూసాను. అప్పటికే బయట వరండాలో ఆ వెంకటరత్నం చెప్పీసాడు నాకు, నువ్వు తాగొచ్చావని. ఏం రాలేదు. ఆస్పత్రి మందుల వాసన తప్ప ఏం రాలేదు… అయినా చూసాను.

ఇన్నేళ్లూ తెలుసుండి ఒక్క మాటైనా అనలేదు నువ్వు. అన్నం తింటూ, పక్కలో పడుకుని… ఒక్కసారి తిట్టి ఉంటే…

నేను వస్తున్నాను. గేటు దగ్గరికి వస్తున్నాను, నువ్వక్కడే ఉండు… అతని గురించి కాదు. లారీ ఎక్కడికైనా పోనీ… కాదు మావా, నీతో మాట్లాడాలి… ఫోను అతనికి ఇచ్చీకు. నేను అతనితో మాట్లాడను. నువ్వు ఉండు… మావా… విను…

హలో… సార్, ఫోను ఆయనకివ్వండి… మీతో కాదు సార్… ఎటు వెళ్తున్నాడు?… పిలవండి. కొంచెం గట్టిగా పిలవండి సార్… జోగయ్యా అని పిలవండి…