మంచు మీద పిల్లిమొగ్గలు

హలో… ఆ, నేనే, అమ్మణ్ణిని. మస్కట్ నుంచి… నీ అక్కనే రా రామసుబ్బయ్యా. నీకు ఇంకెవురు చేస్తారు ఫోను.

బాగుండా… జుమ్మా గదా ఈపొద్దు, శుక్రవారం, మధ్యాన్నం దాకా డ్యూటీ లేదు. బౌషర్లో అంగడి కాడ కార్డు ఫోను… నవీనను తోడుకొనొచ్చినావా? ఫోను బూతు బయట నిలబెట్టినావా, సరే. నా కూతురు రేపు హైదరాబాదు బస్సెక్కుతాండాదా…

ఏందీ… పంపవా.

మళ్లీ చెప్పు. నసగాకు, కార్డు అయిపోతాది…

అదంతా నాకు తెల్సు. డ్రిల్లు సారు ఎంచుకున్నాడు, స్పోర్ట్స్ హాస్టల్లో సీటిచ్చినారు, అన్నం పెట్టి, చదువు చెప్పి, జిమ్నాస్టిక్స్ నేర్పిస్తారు. ఇందులో నీకొచ్చిన కష్టమేంది…

ఓహో. అది మొగ్గలేస్తే మన కులం బయటపడతాదా.

మెల్లిగా మాట్లాడాల్నా? బూతులో జనముండారా… నువ్వు గుసగుసలాడుకో. నాకీడ తెలుగొచ్చినోళ్లు ఎవురూ లేరు, నేను గట్టిగానే మాట్లాడతా. దొమ్మరోళ్లం రా మనం. గడెక్కింది నేను, కింద డోలు కొట్టింది నువ్వు. ఇప్పుడు టౌన్లో బాడిగింట్లో కూర్చోని, అడిగినోళ్లకంతా ఇంకో కులం పేరు చెప్తాండావు. పెద్ద జమీందారు కొడుకువి…

సరేలే, ఊరికే అన్నా. మా హెలెన్ మేడం సంగతి ఇను… ఇనమంటే ఇను. నేను వండిపెట్టే ఇంటామె. కెనడా ఆమె. చిన్నప్పుడే మొగ్గలు నేర్పే బళ్లో వేసినారంట… ఆ, అదే జిమ్నాస్టిక్స్. అమ్మానాయనా డబ్బులు కట్టి మరీ. మనకు ఊరికే వచ్చింది చూడు, అందుకే విలువ లేదు.

తర్వాత పొడుగు పెరిగిపోయింది. ఇంక పనికిరావు పొమ్మన్నారంట… ఔ, మన నాయన మాదిరే. నన్ను గడ దింపి మన చెల్లి ఓబుళమ్మను ఎక్కించలా.

అప్పుడు మంచు మీద జారే ఆటగాళ్లు ఎతుక్కుంటా వచ్చినారంట. గాల్లో తిరిగేది తెలిస్తే చాలు, జారేది మేం నేర్పిస్తామని… లేదు, అంతవరకూ మంచు మీద జారే చెక్కల మొగమే చూళ్లేదు ఆమె.

కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుంటారు. కొండ మీంచి సర్రున జారి, గోడ మాదిరి పేర్చిన మంచు మీదికెక్కి ఎగరాల. మూడంతస్తుల మేడంత ఎత్తు. గాల్లో మూడు మొగ్గలు, దాంట్లోనే బొంగరం తిరిగినట్టు తిరిగేది. మళ్లీ ఆ చెక్కల మీదే నిలబడాల… నవ్వాకు. క్యాసెట్ పెట్టి చూపించింది నాకు.

ఎండాకాలమా? అప్పుడు చెక్కలు కట్టుకోనే నీళ్లగుంటలోకి దూకుతారంట. పొద్దస్తమానం దూకేది, తడిసేది, మళ్లీ ఎక్కేది. అది నేర్పేదానికి జీతమిచ్చి సార్లను పెట్టినారంట.

క్యాసెట్లో ఆమె దిగి నిలబడింది. నేనేమడిగినానో తెల్సా… మేడం, తట్ట ఎవురు తిప్పుతారు అని. ఆయమ్మ బిత్తరపోయింది. మొగ్గేసినాక తట్ట పట్టుకొని జనంలో తిరగాల గదా, నాకేం తెల్సు. అది లేదంట. ఆమె నిలబడే ఉంటాది, కొంతమంది వరసగా కూర్చోని మార్కులేస్తారు… ఆ, మనూళ్లో మంచాల మీద కూర్చున్న పెద్దమనుషుల మాదిరే. కాకపోతే వీళ్లు తట్టలో గింజలేస్తా ఆడపిల్ల చెయ్యి పట్టుకోరు.

ఆ… అట్ల చెప్పు. తెల్లామె ఏస్తే ఆట, మనమేస్తే అడుక్కునేది. నోరారా నువ్వే అన్నావు, నేనన్లా.

ఇప్పుడూ ఎగురుతాదా అంటే… లేదు, పడి మోకాలు పోయింది. రెండు తూర్లు కోసినారు. ఇప్పుడు మెట్లు దిగాలంటే నా భుజం పట్టుకుంటాది. ఆటంతా ఖల్లాస్. ఆ చెక్కలేమో స్టోర్ రూములో, ఈ ఎండల దేశంలో, నా చీపురు పక్కన నిలబడుండాయి.

దాచేదేముంది. నవీనకూ ఇరగొచ్చు. నాకు భయం లేదనుకున్నావా. కానీ మేడం పడినప్పుడు డాక్టర్లు మంచులో పరిగెత్తుకుంటా వచ్చినారు, క్యాసెట్లో చూసినా. ఓబుళమ్మ గడ మీంచి పడితే ఎవురొచ్చినారు రా? నాయన ఆట ఆపొద్దన్నాడు, నువ్వు డోలు కొడతానే ఉన్నావు…

రామసుబ్బయ్యా.

రేయ్… ఉండావా?

ఏడవాకు. నిన్నన్లేదు నేను. చిన్నపిల్లోడివి నువ్వప్పుడు…

ఏందీ… నవీన పెరట్లో మొగ్గేస్తే నీకు ఓబుళమ్మే కనపడతాదా.

ఈ మాట ముందే చెప్పొచ్చు గదరా. కులం అంటా, పరువు అంటా, ఇంత కార్డు తినేస్తివి…

లేదు. అయినా పంపాల. నీ భయం నీదే, నా భయం నాదే, పిల్లను మాత్రం పోనీ… మొగం తుడుచుకో, నవీనను పిలువు. బీప్ బీప్ అంటాండాది కార్డు.

నవీనా… అమ్మనే. తిన్నావా… మామ కండ్లు ఎర్రగుండాయా, దుమ్ము పడుంటాది లే. రేపు బస్సెక్కు. మామే తోడుకొని వస్తాడు… భయమా? ఉండనీ, అదీ వస్తాది నీతో.

ఏం చెప్పాల్నా… హాస్టల్లో మీరు ఏమోళ్లు, ఏం కులమని అడిగితేనా…

మామ ఏం చెప్పమన్నాడు? …వద్దు, అది చెప్పాకు. ముందు మొగ్గెయ్యి. దిగి నిలబడు. అప్పుడు చెప్పు, దొమ్మరోళ్లమని.

…పడితేనా?

పడినా అదే చెప్పు తల్లీ. లేచి చెప్—