గాలికి గట్లు పెట్టొచ్చిన మైకుసెట్టు వీరేశం

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. కేసముద్రం స్టేషన్ ఎదుట బాలు హోటల్లో మైకుసెట్టు వీరేశం మూడో చాయ్ చెప్పాడంటే పెద్ద కష్టమే వచ్చిపడిందన్నమాట. రైల్ రోకో జరిగిన రెండు రోజులూ ఊళ్లో వీరేశమూ లేడు, మైకూ లేదు. ఇక దీక్ష శిబిరానికి తొర్రూరు నుంచి వేరే మైకు తెప్పిద్దామని శిబిరం నడిపే అమర్‌సింగ్ ఫోన్ తీశాడు. ఉద్యమంలో తన మైకు మోగకపోతే వీరేశం ఊళ్లో తలెత్తుకునేదెట్లా?

"ఏడికి పోయిననా? మీ కోసమే ఢిల్లీ పోయిన!" అన్నాడు. "వినాయకుని నవరాత్రులల్ల మన శిబిరంల తీగ లేని మైకులకెల్లి మండపం పంతులు మంత్రాలు ఇనబడలే? రెండు మైకులకు ఒకటే ఫ్రీక్వెన్సీ, గందుకు. గాలిల ఎవని తొవ్వ వానికి పంచే ఆఫీసు ఢిల్లీల ఉంటది. నాకో తొవ్వ రాసియ్యుండ్రని దరఖాస్తు పెట్టిన, గంతే."

"నిజమే, నినాదాల నడుమ మంత్రాలొచ్చినయ్," అన్నాడు బాలు.

ఒక్కడు ఒప్పుకుంటే చాలు, వీరేశానికి ఊపొస్తుంది.

"ఆడ గోడంత పటం. నిండ రంగుల పట్టీలు. గిది విమానాలది, గిది రేడియోది, గిది సెల్‌ఫోన్లది. పెద్దసారు నెత్తి పట్టుకుని కూసున్నడు. పట్టీలు ఒకదానికొకటి అంటుకుని ఓడల ముచ్చట విమానంల ఇనబడుతున్నదట! 'సారూ, పొలానికి పొలానికి నడుమ గట్టు ఇడువరా? గట్లనే జర సందు ఇడువుండ్రి' అన్న. గా పూటే దేశం పటమంత మళ్ల గీసిండ్రు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా?"

"సన్మానం చేసిండ్రా?" అంది చాందీ. శిబిరంలో తండా ఆడవాళ్లకు ఆమే పెద్దదిక్కు.

"సన్మానమా! దేశదేశాలోళ్లు ఫోన్లు చేసిండ్రు. గాలికి సరిహద్దు లేదు గదా, ఒక దేశం మాట ఇంకో దేశంల జొరబడతది. జపానోళ్లు ఒక దిక్కు, రష్యావోళ్లు ఒక దిక్కు, నేను నడుమ. కాలువ నీళ్లకు పెట్టినట్టు వంతులు పెట్టిన. మీద ఎనిమిది వందల ఉపగ్రహాలుంటే, ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలిచి పక్కకు జరిపిన. ఆఖరికి రేడియోలల్ల సూర్యుని గరగర ఎక్కువైతుంటే, ఆయినకూ ఓ చీటీ రాసిచ్చిన!"

బాలు పోస్తున్న గ్లాసు నిండి పొర్లింది. అమర్‌సింగ్ ఫోన్ జేబులో పెట్టాడు. వీరేశానికి ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఆపితే వీరేశం ఎందుకవుతాడు?

"నీకేం గావాలె అని పెద్దసారు అడిగిండు. 'మా తెలంగాణకు వేరే పట్టీ గీయుండ్రి, మా మాటల ఇంకోళ్లు జొరబడొద్దు' అన్న. గీసిండు! రైలోళ్లకు గూడ చెప్పిండు. కేసముద్రంల ఎన్నడూ ఆగని బండి, ఆదివారం పొద్దుగాల నన్ను దింపనీకే ఆగింది!"

చాందీ గ్లాసు కింద పెట్టింది. "ఆదివారం పొద్దుగాల మేం నాలుగు వందల మందిమి పట్టాల మీదనే రొట్టెలు చేసినం. ఎవరి మీదికెల్లి వచ్చిందన్నా నీ బండి?"

అమర్‌సింగ్ చెయ్యి మళ్లీ జేబులోకి పోయింది. రైల్ రోకో నాడు రైలెక్కి వచ్చినవాణ్ణి ఊళ్లో ఎవరు పలకరిస్తారు? బుద్ధెరిగిన నాటి నుంచి వీరేశం నోటికి రాని మాట అప్పుడొచ్చింది.

"అబద్ధం, చెల్లే! అంత ఉత్తదే! రైలెక్కలే, ఢిల్లీ మొఖమే చూడలే! పోలీసులు మైకులు గుంజుకపోతరని ఎవరో అంటే పానం ఆగక, డబ్బాలన్ని స్టేషన్ ఘన్‌పూర్ తీస్కపోయి అత్తగారి గడ్డివాముల దాసిన. నేనూ ఆడనే కూసున్న. ఒట్టు!"

చాందీ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వింది.

"అబద్ధమైతే బతికిపోయినవ్, అన్నా! పో, మైకు కట్టు. అండ్ల మొట్టమొదలు నువ్వే చెప్పాలె, అబద్ధమాడిననని."