పురిటికొచ్చిన కొంగలు

పన్నెండు వేలుండాయంట పెన్నోబులేసు చేతిలో. వానల్లేక సెనక్కాయ ఎండిపాయ, ఊళ్లో సగం మంది బెంగళూరు పనులకు పోతాండ్రి. వాడు మాత్రం నేను పోనన్నాడంట. ఏటా మనూరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గుడ్లు పెడతాయి గదా, వాటిని చూసేకి నలభై మందొస్తే తలకు నూర్రూపాయలు, మన ఆడోళ్లు వండిపెడితే ఇంకో నూరు, లెక్కేసుకోండి అనేవాడు. లెక్కలో తప్పు ల్యాదు. ఉన్న డబ్బంతా పెట్టి ఆ చెట్ల పక్కనే వెదురు మంచె కట్టినాడు. ఆ కొంగల్ని మనం పుట్టింటికి పురిటికొచ్చిన ఆడబిడ్డలంటాం, మీకు తెలిసిందే. అవి గూళ్లలో ఉన్నన్నాళ్లు పెండ్లయినా మేళం ఊరి బయటే.

ఏమైందంటే, మొదటిరోజు బస్సులో వచ్చిన నలభై మందీ ఒకేసారి మంచె ఎక్కిరి. కొంగలన్నీ ఒక్కపెట్టున లేచిపోయినాయంట. నడినెత్తిన ఎండనుకో, రెక్కల నీడ లేకపోతే గుడ్లు ఉడికిపోవూ? పైన గద్దలు తిరగబట్టె. వచ్చినోళ్లేమో చప్పట్లు! అప్పుడు పెన్నోబులేసు వాళ్లవ్వ సుంకమ్మ వచ్చి, ఏమిరా అబ్బీ, మీ చెల్లెలు పురిట్లో ఉన్నప్పుడు నలభై మందిని మంచం కాడికి తోల్తివా అంది. "లేదవ్వా, వసారాలోనే కూచోబెడితిమి." "మరి ఈ ఆడబిడ్డలు నీకేమీ కారా?"

వాడు అందర్నీ దించి, ఎవర్నీ అడక్కుండానే దగ్గరున్న ఇండ్ల వసారాల్లోకి తోలి, మంచె కట్లు కొడవలితో కోసేసినాడు. ఒక కొంగ వచ్చి ఇంటికప్పు మీద వాలింది. గూటికి పోదు, అట్లే చూస్తాంది. "పోతాదా అవ్వా?" "నోర్ముయ్యి." చాలాసేపటికి పోయి గుడ్ల మీద రెక్కలు విప్పింది. దాని వెనక ఇంకొన్ని. అన్నీ రాలేదు.

రేపు ఇంకో బస్సు నిండా నలభై మంది వస్తాండారు. వద్దంటే మల్ల ఈ ఊరి మొగం చూడరని వాని భయం. "రానీరా. వసారాకు ఐదుగురు, ఆడ్నించే చూడాల, మాట పైకి రాకూడదు" అందంట అవ్వ. అంటే ఎనిమిది వసారాలు కావాల, వానికుండేది ఒకటి. ఇదీ మన లెక్కలాయన సంగతి, కొంగలకు మంచె కట్టినాడు గానీ ఊళ్లో ఎవర్నీ ఒక మాట అడిగినోడు కాదు. వసారా ఇమ్మని ఇల్లిల్లూ అడగబోతే మొదటి ఇల్లు గంగన్నది. కొంగ రెట్టల కంపని పొద్దస్తమానం తిట్టే మనిషి. చెప్పులు వీధిలోనే ఇడిసి, ఆ తలుపు కొట్టేకి చెయ్యెత్తినాడంట.