వానలో షెల్ కింద

చిలకలూరిపేట రోడ్డు పక్క ఆర్కిటెక్చర్ కాలేజీలో వాన ఒక్కసారిగా విరుచుకుపడింది. మేడమూ, ఫైనలియర్ కుర్రాడూ లాప్‌టాప్ తడవకుండా పరుగెత్తి, క్లాసంతా కలిసి పోసిన సిమెంటు షెల్ కిందికి దూరారు. బోర్లించిన గవ్వలా వంపు తిరిగిన పల్చటి కప్పు అది.

"దీనికి ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ కర్రలు రేపు తీయించేద్దాం."

"వద్దు మేడం. కంప్యూటర్‌లో చూడండి, ఈ మూల బరువు తట్టుకోదని ఎర్రగా చూపిస్తోంది."

"ఈ వంపు కోసమేగా గుడ్డని ప్లాస్టర్‌లో ముంచి వేలాడదీశాం, గట్టిపడ్డాక తిరగేశాం. ఇటుకలు పేర్చినా ఆ మోడల్ చెక్కుచెదరలేదుగా?"

"అది పళ్ళెమంత మోడల్. ఇది పడితే మనుషులే పోతారు మేడం."

"ఏ మూలంటావు?"

చూపించబోతూ అతను కప్పు కిందంతా కలయజూశాడు.

"మేడం... కర్రలేవీ?"

"ఏంటి?"

"ఒక్కటి కూడా లేదు మేడం!"

"కదలకు... కాదు, పద, బయటికి పద!"

ఇద్దరూ పరుగున వానలోకి వచ్చారు.

"ఎవరు తీశారు?"

"ప్రత్తిపాడులో స్లాబుకి కావాలని మేస్త్రి నిన్న అడిగాడు. మిమ్మల్ని అడిగి తీసుకెళ్ళమన్నాను."

"నన్నెవరూ అడగలేదు!"

"అంటే... నిన్నటి నుంచీ తనంతట తనే నిలబడి ఉందా?"

"ఉంది. పగులు కూడా లేదు, చూడు."

"మరి మీరెందుకు పరుగెత్తారు మేడం? నిలబడుతుందని మీరేగా చెప్పారు?"

"ఆరేళ్ళుగా పాఠం చెబుతున్నాను. కింద నిలబడటం మాత్రం ఇదే మొదటిసారి."

ఆమె తన పాదాల వైపు చూసుకుంది.

"నా చెప్పులు లోపలే ఉండిపోయాయి."

"ఆగండి, నేను తెస్తాను."

"నువ్వుండు."

కొంగు నడుముకి దోపుకుని, ఆమె మళ్ళీ ఆ కప్పు కిందికి నడిచింది.