నోరులేని ఫోను

పోర్ట్ బ్లెయిర్ చేపల బజారులో తట్ట ముందు కూర్చున్న ఎరుకమ్మ దగ్గరికి మొగుడు గవరయ్య రుసరుసలాడుతూ వచ్చాడు. చేతిలో ఫోనుంది.

"ఇదే మన కొంప ముంచింది! నేను వేటకెల్లే సోటు ఎవరికీ సెప్పనేదు. అయినా ఇయాల ఎర్రబండ కాడ నాకంటే ముందే ఐదు బోట్లున్నాయి!"

"లొకేషన్ ఆపేసినావా మావా?"

"ఎప్పుడో ఆపేసినాను. కెమెరాకి నీ బొట్టుబిళ్ల కూడా అంటించినాను."

"అదా సంగతి! పేకెట్టు ఖాళీ అయిపోతంటే పిల్లదాన్ని తిట్టినాను."

"మనం మాటాడుకున్నవీ ఇంటాదంట. అందుకే బోటెక్కగానే దీన్ని బియ్యం డబ్బాలో పెట్టి మూతెట్టేస్తన్నాను. మా తోడల్లుడడిగినా నోరు ఇప్పనేదు."

"మరెవరు సెప్పుంటారు మావా? ఆళ్ల నోట మన్ను పడ!"

ఇంతలో ప్రోతరాపూర్ బస్సు దిగిన ఒకావిడ తట్ట ముందు ఆగింది. ఎరుకమ్మ వంజరం చేపను తోక పట్టి ఎత్తి, బజారంతా అదిరేలా కేక పెట్టింది.

"ఆవో దీదీ! ఎర్రబండ కాడ సురమాయి! మా ఆయన సుబే సుబే పట్టినాడు! ఏక్‌దమ్ తాజా!"

గవరయ్య పెళ్లాం వైపు గిర్రున తిరిగాడు.

"రోజూ ఇలాగే అరుస్తావేటే?"

"మరి? ఎక్కడ పట్టిందో సెప్పకపోతే తాజాదని ఎవులు నమ్ముతారు?"

గవరయ్య ఫోను మీది బొట్టుబిళ్లను గోటితో పీకి, పెళ్లాం అరచేతిలో పెట్టాడు.

"ఇదిగో, నీ నోటికి అంటించుకో."

ఎరుకమ్మ దాన్ని ఎగాదిగా చూసింది.

"ఇంత సిన్నది సాలదు మావా."